సంసారోపయోగ విషయములు: పాత ఇంటిబండి బేరము



చక్రములమీద ఇల్లు నిలుపుకొని దేశము తిరిగి రావలెనను కోరిక అమెరికా దేశీయులకు చిరకాలమునుండి కలదు. పడకలు, వంటగట్టు, స్నానపుగది, మరుగుదొడ్డి, నీటితొట్టి, దీపములు అన్నియు నొక్క బండిలో అమర్చుకొని, ఇంటిల్లిపాదియు కొండలకో సముద్రతీరమునకో పోయి నాలుగు దినములు గడపి వచ్చుట వారి వేసవి వినోదములలో నొకటి. ఇట్టి వాహనమును ఆ దేశమున ఆర్వీ యని పిలుతురు. మనము దీనిని ఇంటిబండి యందము.

డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ మొదలగు చోట్ల కాపురమున్న మన తెలుగు కుటుంబములకును ఈ బండిమీద మక్కువ కలుగుచున్నది. అది అకారణము కాదు. స్వదేశమునుండి తలిదండ్రులో అత్తమామలో వచ్చినపుడు వారికి యెల్లోస్టోను, గ్రాండ్ కాన్యన్ వంటి చోట్లు చూపవలెనని యెవరికైనను ఉండును. కాని పెద్దలకు దారిలో తఱచుగా మరుగుదొడ్డి కావలెను. బయటి తిండి వారికి సరిపడదు. ఇంత అన్నము వండి చారు కాచి పెట్టినగాని ప్రాణము కుదుటపడదు. చంటిబిడ్డ యున్నచో పాలు కాచుకొనవలెను, గుడ్డలు మార్చవలెను. ఇవన్నియు ఇంటిబండిలో సుఖముగా జరుగును.

క్రొత్తబండి వెల యెక్కువ. పైగా కొని బయటికి తెచ్చిన మొదటి యేడే దాని విలువ చాలభాగము దిగిపోవును. కావున పాతబండి కొందమని యోచించుట వివేకమే. అయితే పాత కారు కొనుటకును పాత ఇంటిబండి కొనుటకును భేదము కలదు. ఇది కారును ఇల్లును కలసిన వస్తువు. సామాన్యమైన ఇల్లు పునాదిమీద కదలక నిలిచియుండును. ఈ యిల్లో, గతుకుల బాటమీద గంటకు 60 మైళ్ల వేగమున పరుగెత్తుచు, క్షణక్షణము చిన్న భూకంపమును అనుభవించుచుండును. అందుచేత అతుకులు వదలును; వదలిన అతుకులలో నీరు దిగును. బేరమునకు పోయినవారు ఇంజను చుట్టును టైర్ల చుట్టును తిరిగి, ఇంటి భాగమును పైపైన చూచి, పరుపుల మెత్తదనమునకు ముచ్చటపడి సొమ్ము చెల్లించి వత్తురు. ఏడాది గడచునప్పటికి గోడ ఉబ్బును, నేల క్రుంగును. కష్టార్జితము నీటిపాలగును.

కావున ఈ బేరమున గృహిణి కన్నును, ముక్కును, కాలిమడమయు మిక్కిలి పనికివచ్చు సాధనములు. వానిని వాడుకొను విధము ఈ నెల వ్రాయుచున్నాను. స్వదేశముననున్న తల్లులును దీనిని చదివి, అచ్చటి కూతునకో కోడలికో ఒక మాట చెప్పినచో మేలు.

బండిని చూడబోవుటకు ముందు

ముందుగా ఇంటిలో కూర్చుండి తేల్చుకొనవలసిన సంగతులు కొన్ని కలవు. ఇంటిబండ్లు ముఖ్యముగా రెండు తెగలు. తన ఇంజనుతో తానే నడచునది యొకటి. మఱియొక వాహనము వెనుక తగిలించి లాగుకొనిపోవు ట్రైలరు రెండవది. మొదటి తెగలో బస్సువంటి పెద్దవానిని ఏ తరగతి యనియు, వ్యానువంటి చిన్నవానిని బీ తరగతి యనియు, డ్రైవరు తలమీదుగా ముందునకు పొడుచుకొని వచ్చిన పడక గలవానిని సీ తరగతి యనియు చెప్పుదురు. ట్రైలరు వెల తక్కువ, ఇంజను బాధ లేదు; కాని దానిని లాగుటకు తగిన బలముగల వాహనము మీకుండవలెను. మామూలు కారు పనికిరాదు.

ఇచ్చట మన కుటుంబములు తఱచుగా ఏమఱుపాటు చెందు విషయ మొకటి కలదు. ప్రకటనలో "ఎనిమిదిమంది పండుకొనవచ్చును" అని యుండును. ఎనిమిదిమంది పండుకొనవచ్చుననుట ఎనిమిదిమంది ప్రయాణము చేయవచ్చుననుట కాదు. సీటుబెల్టు గల ఆసనములు నాలుగే యుండవచ్చును. ప్రక్కకు తిరిగియున్న సోఫామీద చంటిబిడ్డల సీటు బిగింపరాదు. ట్రైలరు నడచుచున్నపుడు దానిలో మనుష్యులు కూర్చుండుట పెక్కు రాష్ట్రములలో చట్టవిరుద్ధము. చట్టము సమ్మతించిన చోటను అది క్షేమము కాదు. కావున అత్తమామలను, పిల్లలను లెక్కించి, అందఱికిని ముందునకు తిరిగిన ఆసనమును బెల్టును ఉన్నవో లేవో మొదటనే అడుగుడు. లేవన్నచో ఆ బండి యెంత చౌకయైనను మీకు పనికివచ్చునది కాదు.

బండి నిలుపు చోటును గూర్చియు ఆలోచింపవలెను. మనవారు కాపురముండు పేటలలో పెక్కింట ఇంటిముందు ఇట్టి బండి నిలుపరాదని నివాసుల సంఘము కట్టడి చేయును. అప్పుడు వేఱొకచోట నెలనెల అద్దె చెల్లించి నిలుపవలెను. భీమా, రిజిస్ట్రేషను, శీతకాలపు సంరక్షణ వీని వ్యయమును కూడ లెక్కకు చేర్చుడు. ఇంతకంటె మంచి యుపాయ మొకటి కలదు. కొనదలచిన తరగతి బండినే మూడు దినములు అద్దెకు తీసికొని కుటుంబమంతయు తిరిగి రండు. వంటగట్టు ఎత్తు సరిపోవునో లేదో, మామగారు మెట్లెక్కగలరో లేదో, మురుగుతొట్టి ఖాళీ చేయు పని మీకు సహ్యమో కాదో, ఆ మూడు దినములలో తెలిసిపోవును.

నీరే మొదటి శత్రువు

ఇల్లు కురియుట యన నేమో మన గృహిణులకు ఒకరు నేర్పవలసిన పని లేదు. పెంకుటింటిలో ఎచ్చట చెమ్మ పుట్టినదో గోడమీది మరక చూచి చెప్పగలవారు మన యిండ్లలో నెందఱో కలరు. ఇంటిబండి విషయమునను ఆ విద్యయే కావలెను.

వీలైనచో వానపడిన మఱునాడు చూడబోవుడు. తలుపు తీసిన తక్షణమే, మాటాడకముందే, గాలి పీల్చుడు. ముక్క వాసన, తడిగోనె వాసన వచ్చెనా, లోన చెమ్మ యున్నదన్నమాట. ఘాటైన అత్తరువాసన వచ్చినను సంశయింపవలసినదే; అది దేనిని కప్పిపుచ్చుటకు చల్లిరో యని ఆలోచింపుడు.

తరువాత నేలమీద మెల్లగా నడువుడు. మడమతో నొక్కుచు, ముఖ్యముగా స్నానపుగది ముందును, తలుపు దగ్గఱను, గోడవారలను, మూలలను చూడుడు. నేల మెత్తగా దిగినచో క్రింది చెక్క క్రుళ్లినదని యర్థము. పై అరల తలుపులు తెఱచి, లోపలి మూలలను దీపము వేసి చూడుడు. పరుపులెత్తి క్రింది పలకలను చూడుడు. కప్పులో గాలితూముల చుట్టును, కిటికీల క్రిందను తేనెరంగు మరకలున్నవేమో వెదకుడు. క్రొత్తగా రంగువేసిన చిన్న భాగమును, క్రొత్తగా అంటించిన కాగితమును చూచిన, దాని వెనుక కథ యేమో యడుగుడు. చెమ్మను కొలుచు చిన్న పరికరములు హార్డువేరు అంగళ్లలో కొద్ది వెలకు దొరకును. దానిని గోడకు ఆనించి మూలమూలలను కొలుచుట మంచిది.

వెలుపలికి వచ్చి, గోడకు చెంప చేర్చినట్లు నిలిచి, పొడవునను ఏటవాలుగా చూడుడు. ఎదుట నిలిచి చూచిన కనబడని ఉబ్బులు, అలలు, ప్రక్కనుండి చూచిన స్పష్టముగా కనబడును. ఈ బండ్ల గోడలు చాలవఱకు పలుచని పొరలను జిగురుతో అంటించి చేసినవి. నీరు చేరినచో పొరలు విడి గోడ పొంగును. దానిని బాగుచేయుట మిక్కిలి వ్యయము, ఒక్కొక్కప్పుడు అసాధ్యము.

ఇక పైకప్పు. కప్పుమీద సాధారణముగ రబ్బరువంటి పొర పఱచి, గాలితూములు, గొట్టములు పైకి వచ్చిన చోట్లను లప్పమువంటి జిగురుతో మూయుదురు. ఆ జిగురు ఎండకు పగులును. దానిని ఏటేట పరీక్షించి, పగిలినచోట తిరిగి పూయవలెను. నిచ్చెన వేసి, మీలో నెక్కగలవా రొకరు కప్పును చూచి ఫొటోలు తీయవలెను. "కప్పును కడపట నెప్పుడు చూచితిరి?" అని అమ్మువారి నడుగుడు. శ్రద్ధగలవారు తేదీతో చెప్పుదురు. ఇంటిని చూచి ఇల్లాలిని చూడుమన్న సామెత యిచ్చట అక్షరాల చెల్లును.

అన్నియు పనిచేయించి చూడవలెను

"అన్నియు పనిచేయును" అను మాటను విని ఊరకుండరాదు. పోవుటకు ముందునాడే అమ్మువారికి కబురుచేసి, బండిని కరెంటుకు తగిలించి, నీరు నింపి, శీతలపుపెట్టెను నడుపుచు ఉంచుమని కోరుడు. ఈ బండ్లలో పెక్కింట గ్యాసుతో నడచు శీతలపుపెట్టె లుండును. అవి చల్లబడుటకు చాల గంటలు పట్టును. మీరు పోయిన పిదప మీట నొక్కి, "చూడుడు, దీపము వెలిగినది" యన్న ప్రయోజనము లేదు. లోన చేయి పెట్టి చల్లదనము చూడవలెను, మంచుగడ్డ కట్టినదో లేదో చూడవలెను.

నీటిపంపు పరీక్ష సులభము. కొళాయిలన్నియు మూసి పంపు మీట వేయుడు. కొంతసేపు మ్రోగి ఆగిపోవలెను. అన్నియు మూసియుండగా మాటిమాటికి తనంత తాను మ్రోగుచున్నచో ఎచ్చటనో నీరు కారుచున్నది. అప్పుడు గట్టు క్రింది అరలలో చేయి పెట్టి తడి వెదకుడు. మరుగుదొడ్డి గిన్నెలో కొంచెము నీరు నిలిపి, పది నిమిషములైన పిదప చూడుడు. నీరు దిగిపోయినచో అడుగునున్న బిరడా చెడినది. అది దుర్గంధమునకు త్రోవ. వేడినీరు నిజముగా వేడియగువఱకు నిరీక్షింపుడు. పొయ్యి యన్ని కండ్లును వెలిగింపుడు. చల్లగాలి యంత్రమును, వేడిగాలి యంత్రమును రెంటిని నడపుడు. వేసవియని వేడిగాలిని, శీతకాలమని చల్లగాలిని విడువకుడు.

సొరుగువలె వెలుపలికి జరుగు గదులు కొన్ని బండ్లకుండును. వానిని పూర్తిగా చాచి, పూర్తిగా మూసి, అంచుల రబ్బరును, అంచు దగ్గఱి నేలను చూడవలెను. నీడకొఱకు చాచు గుడ్డపందిరిని తుదివఱకు విప్పుడు. చిరుగు కడపటి మడతలోనే యుండును. విద్యుజ్జనకము, అనగా జనరేటరు, ఉన్నచో దానిమీద ఎన్ని గంటలు నడచినదో తెలుపు కొలత కనబడును. గంటలు తక్కువైన మంచిదని యనుకొనకుడు. ఏండ్లతరబడి కదలక పడియున్న యంత్రము, నడచిన యంత్రముకంటె ఎక్కువ బాధపెట్టును. ఇంజనుకును ఇదే న్యాయము. మీరు వచ్చునప్పటికి ఇంజను చల్లగా నుండవలెనని ముందే చెప్పుడు. వేడిచేసి యుంచిన ఇంజను తన రోగమును దాచును.

శీతలదేశములలో చలికాలమునకు ముందు గొట్టములలోని నీరు తీసివేసి, గడ్డకట్టని గులాబిరంగు ద్రవము నింపుదురు. "ద్రవము నింపితిమి, ఇప్పుడు నీరు పోసి చూపలేము" అని అమ్మువారు చెప్పవచ్చును. అది న్యాయమైన మాటయే. కాని చూడనిదానికి పూర్తివెల యిచ్చుట న్యాయము కాదు. వసంతమున నీటి పరీక్ష జరుగువఱకు కొంత సొమ్ము నిలిపియుంచునట్లు వ్రాయించుకొనుడు, లేదా ఆ మేరకు వెల తగ్గింపుమనుడు.

ప్రాణములతో సంబంధించినవి

టైర్లను చూడునపుడు అరుగుదల చూచిన చాలదు, వయస్సు చూడవలెను. ఇంటిబండ్లు సంవత్సరములో ఎక్కువకాలము నిలిచియే యుండును గనుక, టైరు పైకి క్రొత్తదివలె నుండి లోన శిథిలమై యుండవచ్చును. టైరు ప్రక్కను అచ్చువేసిన గుర్తులో కడపటి నాలుగంకెలు దాని జన్మతిథి. 2319 అని యున్నచో 2019వ సంవత్సరమున 23వ వారమున తయారైనదని యర్థము. ఆఱేండ్లు దాటిన టైర్లను మార్చుమని పెక్కు వాహన సంస్థలు చెప్పుచున్నవి. ఎండకు ప్రక్కలు బీటలు వారినచో వయస్సుతో పనిలేక మార్చవలసినదే. తలిదండ్రులను, బిడ్డలను కూర్చుండబెట్టుకొని పోవుచుండగా టైరు పగులుట యెట్టి యపాయమో వేఱుగ వ్రాయ నక్కఱలేదు.

బరువు సంగతి చాలమంది తలపెట్టరు. బండి తాను మోయగల సామానెంతయో తలుపు దగ్గఱ పచ్చని చీటిమీద అచ్చువేసి యుండును. నీరు ఒక గ్యాలనుకు ఇంచుమించు 8.3 పౌనులు తూగును. నలువది గ్యాలన్ల తొట్టి నిండిన 332 పౌనులు, అనగా 150 కిలోలు. దానికి మన బియ్యపుసంచి, ప్రెజరు కుక్కరు, రుబ్బుయంత్రము, పరుపులు, సామానులు చేర్చి, ఇంజనుబండి యైనచో అందెక్కు మనుష్యుల బరువును గూడ కూడి చూడుడు. చీటిమీది యంకె దాటినచో బ్రేకులకును టైర్లకును ముప్పు.

వంటకును వేడికిని వాడు ప్రొపేను గ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలమీద ప్రాకును. అందుచేతనే గ్యాసును కనిపెట్టు గంటను నేలకు దగ్గఱగా అమర్తురు. ఆ గంటకును, విషవాయువును కనిపెట్టు గంటకును ఆయువు తీరు తేదీ కలదు. వెనుకవైపు చూచి తేదీ దాటినవేమో కనుగొనుడు. ఇవి చౌకవస్తువులే, కాని తేదీ దాటిన గంటను గోడమీద నుంచుకొన్నవారు తక్కిన విషయములలో నెట్లుందురో ఊహింపవచ్చును.

మీ పరీక్ష అయిన పిదప, బండి నచ్చినచో, కొనుటకు ముందు తగిన పరీక్షకుని పిలిపించుట మంచిది. ఇంటిబండ్ల పరీక్షకులకు ఆ దేశమున ఎన్.ఆర్.వి.ఐ.ఎ. యను జాతీయ సంఘము కలదు. వారి రుసుము కొన్నివందల డాలర్లు మొదలు, పెద్ద బండి యైనచో వేయికి పైగాను ఉండును. వేలకొలది డాలర్ల వస్తువునకు ఇది వృథావ్యయము కాదు. అమ్మువారు చెప్పిన మనిషిని గాక మీరు వెదకిన మనిషినే నియోగింపుడు. పరీక్షకు ఒప్పుకొనని వారియొద్ద బేరము వలదు.

కాగితములు

బండి మీది 17 అక్షరాంకెల గుర్తును, టైటిలు అను యాజమాన్య పత్రముమీది గుర్తును ఒక్కొక్క అక్షరముగా పోల్చుడు. ఎన్.ఐ.సి.బి. అను సంస్థవారు ఇంటర్నెట్టులో ఆ గుర్తుతో, బండి దొంగసొత్తో కాదో, భీమా సంస్థవారు నష్టమైనదిగా వ్రాసివేసినదో కాదో ఉచితముగా తెలుపుదురు. ఫ్లోరిడాలో 2022వ సంవత్సరమున ఇయన్ తుపాను, ఆగ్నేయ రాష్ట్రములలో 2024వ సంవత్సరమున హెలీన్ తుపాను వచ్చి ఎన్నో వాహనములను ముంచినవి. మునిగిన బండ్లు కడిగి తుడిచి దూరదేశములలో అమ్మకమునకు వచ్చుట కలదు. కావున ఏ రాష్ట్రమునుండి వచ్చినదో చరిత్ర చూడుడు.

ప్రభుత్వపు రహదారి భద్రతా శాఖవారి పుటలలో, లోపమున్నదని సంస్థలు వెనుకకు పిలిచిన బండ్ల వివరములు దొరకును. ఇంజనుతో కూడిన చట్రమును ఒక సంస్థయు, ఇంటి భాగమును వేఱొక సంస్థయు చేయుట సామాన్యము గనుక, రెంటిని గూర్చియు వెదకవలెను. బండిమీద అప్పు తీరకున్నచో, ఆ అప్పిచ్చిన బ్యాంకులోనే కూర్చుండి, బాకీ తీర్చి, టైటిలు విడిపించుకొని కొనవలెను. "రేపు పంపుదుము" అను మాట పనికిరాదు.

ధర, బేరము

అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యని మన సామెత. ఈ బండ్ల విషయమున నిది కొంత తారుమారైనది. కరోనా వ్యాధి వ్యాపించిన దినములలో, హోటళ్లకు పోజాలక, జనులు ఇంటిబండ్లకై ఎగబడిరి. ఆ దేశపు ఆర్వీ పరిశ్రమ సంఘమువారి లెక్కప్రకారము, కర్మాగారములనుండి అంగళ్లకు 2021వ సంవత్సరమున 6 లక్షలకు మించిన బండ్లు పోయినవి. 2023వ సంవత్సరమున సుమారు 3 లక్షల 13 వేలు మాత్రమే పోయినవి. ఆ యుత్సాహమున హెచ్చువెలకు కొన్నవారిలో, రెండు మూడు ప్రయాణములతో సరదా తీరి, నిలుపుచోటి అద్దె చెల్లింపలేక అమ్మదలచినవారు కలరు. అట్టివారిలో కొందఱికి బండి విలువకంటె అప్పే యెక్కువ. వారు వెల దించకపోవుట మొండితనముచేత కాదు, దించినచో చేతినుండి సొమ్ము వేయవలసివచ్చుటచేత. ఇది తెలిసికొన్న బేరము సులభమగును, కోపము రాదు.

వెల తెలిసికొనుటకు జె.డి. పవర్ సంస్థవారి ధరల పట్టిక యొక ఆధారము. అదే బండి, అదే సంవత్సరపుది, నాలుగైదు చోట్ల నెంతకు అడుగుచున్నారో వ్రాసికొనుడు. అడిగిన ధర అమ్మిన ధర కాదని జ్ఞాపకముంచుకొనుడు. చలిప్రాంతములలో శరదృతువు కొనువారికి అనుకూలము. వసంతము అమ్మువారికి అనుకూలము.

బేరమునకు ప్రాణము మీరు వ్రాసిన పట్టిక. కనబడిన లోపములను రెండు తెగలుగా విభజింపుడు. వెల కట్టదగినవి యొక తెగ. వెల కట్టరానివి రెండవ తెగ. టైర్లు, బ్యాటరీ, పంపు, గుడ్డపందిరి మొదటి తెగలోనివి. అంగడిలో వెల యడిగి వ్రాయవచ్చును. మెత్తబడిన నేల, ఉబ్బిన గోడ, చట్రపు తుప్పు, చిక్కుపడిన టైటిలు రెండవ తెగలోనివి. వీని లోతు విప్పిచూచినగాని తెలియదు. "మూడువేలు తగ్గింతుము, గోడ మీరు బాగుచేయించుకొనుడు" అని యాశపెట్టినను లొంగరాదు. మూడువేలతో తీరునో ముప్పదివేలు పట్టునో చెప్పగలవారెవరు? రెండవ తెగలోని లోపము ఒక్కటి యున్నను నమస్కారము చేసి వచ్చివేయుడు.

ఉదాహరణమునకు, ఒక ట్రైలరుకు 24,000 డాలర్లు అడుగుచున్నారనుకొందము. అట్టి బండి మంచిస్థితిలో 22,000 చేయునని మీరు తెలిసికొన్నారు. టైర్లకు 700, కప్పు జిగురుకు 450, గుడ్డపందిరికి 400, పంపుకు 250, బ్యాటరీకి 200, వెరసి 2,000 వ్యయమగునని తేలినది. అప్పుడు మీకు న్యాయమైన వెల 20,000. దానికి కొంచెము లోపల మొదలుపెట్టి, ఎంతవఱకు ఎక్కగలరో ముందురాత్రియే భార్యాభర్తలు నిర్ణయించుకొని కాగితముమీద వ్రాసికొనవలెను. అమ్మువారి యెదుట "ఏమండీ, ఎంత ముద్దుగా నున్నదో!" యనుట, లేక ఒకరినొకరు కాదనుకొనుట, బేరమును చెఱచును. పిల్లలను మొదటిసారి తీసికొనిపోకుడు. వారు పై పడక యెక్కి దిగమని మారాము చేసిన పిమ్మట బేరమెక్కడిది?

మాట మర్యాదగా నుండవలెను. "మీరు దీనిని శ్రద్ధగా వాడినారని చూడగానే తెలిసినది. అయితే ఇవి మేము వెంటనే చేయింపవలసిన పనులు, ఇవి వాని ఖర్చులు" అని పట్టికను చేతికిచ్చి ఊరకుండుడు. ఆ మౌనమును మీరే భంగపఱచి వెల పెంచుకొనకుడు. "టైర్లు ఎట్లును అరుగునవే గదా" అని వారన్న అది కొంత నిజమే. సగము వ్యయము మీరు భరించుట న్యాయము. బండిని నిందింపకుడు. తమ సెలవుదినముల జ్ఞాపకములు దానిలో నున్నవారు, నిందించినవారికి చౌకగా అమ్మరు.

అంగడివారియొద్ద కొనునపుడు వేఱు జాగ్రత్త కావలెను. "నెలకెంత చెల్లింపగలరు?" అని వారడిగిన, దానికి బదులు చెప్పక, పన్నులు, కాగితపు రుసుములు, సిద్ధపఱచు రుసుములు అన్నియు చేరి మొత్తము వెల యెంతయో వ్రాసి యిమ్మనుడు. నెలవాయిదా తగ్గుటకు ఏండ్లు పెంచినచో, వడ్డీ పెరుగును, బండి ముసలిదగును. అదనపు వారంటీ యమ్మజూపినచో, దేనికి వర్తింపదో ఆ భాగమును ముందు చదువుడు.

బయానా ఇచ్చునపుడు, పరీక్షలో లోపము కనబడినచో ఆ సొమ్ము తిరిగి యిచ్చెదమను మాటను వ్రాయించుకొని సంతకము చేయించుకొనుడు. మిగిలిన సొమ్మును బ్యాంకులోనే చెల్లించి, టైటిలు, అమ్మకపు కాగితము, తాళపుచెవులన్నియు, పనిముట్ల పుస్తకములు, మరమ్మతు రసీదులు ఒక్కసారిగా తీసికొనుడు. వ్రాతలో "ఉన్నది ఉన్నట్లుగా" అను మాట యుండును. ఆ మాటకు సంతకము చేసిన పిదప అమ్మువారిని తప్పుపట్టుట సాధారణముగ సాగదు. పరీక్షయంతయు సంతకమునకు ముందే ముగియవలెనని ఇందుకే చెప్పుచున్నాను.

ఇంటికి తెచ్చిన పిదప మొదటి ప్రయాణము దూరము పోకుడు. ఇంటికి గంట దూరమున ఒక రాత్రి గడపి, అన్నము వండుకొని, నీరు వాడి, కొఱతలు కనిపెట్టి రండు. అటుపిమ్మట పెద్దలను పిల్లలను ఎక్కించుకొని కొండలు చూడబోవచ్చును. ఏటికి రెండుసార్లు కప్పుమీది జిగురును చూచుట మఱవకుడు. రేపు మీరు అమ్మదలచినపుడు, ఆ తేదీలు వ్రాసియుంచిన చిన్న పుస్తకమే మీ బండికి మంచివెల తెచ్చును.